పిట్టకాళ్ల సారు

అండాలమ్మ ఇంటి గేటు ముందు రోజూ పొద్దున ఆరింటికి జరగాల్సిన కొట్లాట ఆగిపోయి పది నెలలైంది. అంతకుముందు నాలుగేళ్లలో పాలవాడు రాని రోజులున్నాయి, నీళ్ల ట్యాంకరు రాని వారాలున్నాయి గానీ ఆ కొట్లాట లేని పొద్దు మాత్రం లేదు. ఒక పక్క ముగ్గు చిప్పతో అండాలమ్మ అత్త మణెమ్మ. ఇంకో పక్క చంకలో గొడుగు, జేబులో సుద్దముక్కలు పెట్టుకుని సాంబమూర్తి సారు. ఇద్దరి మధ్య నేల మీద తెల్లటి పిట్ట. ఇప్పుడు మణెమ్మ లేదు. చావు జరిగిన ఇంటి ముందు ఏడాది దాకా ముగ్గు వేయరు కనుక పిట్టా లేదు. అండాలమ్మ వాకిట్లో నీళ్లు చల్లుతుంది, ఖాళీ నేలను ఓసారి చూస్తుంది, లోపలికి పోతుంది.

సాంబమూర్తి సారుకున్న జబ్బు ఒక్కటే. పిట్ట కాళ్లు తప్పుగా వేస్తే తట్టుకోలేడు. సినిమా పోస్టరు మీద హీరోకి ఆరు వేళ్లు వేసినా పట్టించుకోడు గానీ, పిచ్చుకకు ఒక వేలు తగ్గితే మాత్రం ఆ పూట అన్నం ముట్టడు. గుంటూరు దిక్కున ఏదో హైస్కూల్లో ముప్ఫై ఏళ్లు డ్రాయింగు చెప్పి, రిటైరై వచ్చి, తుంగకుంట కాలనీలో ఒక గది కిరాయికి తీసుకున్నాడు. దిల్‌సుఖ్‌నగర్ దాటి ఎల్‌బీ నగర్ పోయే తొవ్వలో జొన్న చేలన్నీ చూస్తుండగానే ప్లాట్లయిపోతున్న రోజులవి. ఇళ్లు సగం సగం లేచాయి, రోడ్లు అసలే లేవు. కానీ ప్రతి ఇంటి ముందూ ముగ్గుండేది. ముగ్గులో చిలకో నెమలో హంసో ఉండేది. ఇంకేముంది, సారుకు తెల్లారేసరికి చేతినిండా పని.

"అన్యాయం అండీ!" అంటూ మొదలుపెట్టేవాడు. ఆ మాటతోనే కాలనీ నిద్ర లేచేది.

మొదట బలైంది మూల మీది ఇంటి పెంటమ్మ. పండగ రోజున చిలకను వేసి, రంగులు నింపి, నడుం పట్టుకుని లేవబోతోంది. సారు గొడుగు మొన చిలక కాలి మీద ఆనించాడు.

"అన్యాయం అండీ! చిలకకి ముందు రెండు వేళ్లు, వెనక రెండు వేళ్లండీ. మీరు ముందు మూడేశారు. ఇది కొమ్మ పట్టుకోలేదండీ, కింద పడి చస్తుంది!"

"నేలమీదనే ఏసిన గద సారూ, ఇంక కిందికి ఏడ పడ్తది?" అంది పెంటమ్మ.

సారు వినలేదు. కూచుని, సుద్దముక్క తీసి, వేలు దిద్దాడు. దిద్దుతూ దిద్దుతూ రంగులో మోకాలు పెట్టాడు. చిలకకు వేళ్లు కుదిరాయి గానీ ముక్కు చెరిగింది. పెంటమ్మ తిట్టిన తిట్లు సైదాబాద్ దాకా వినపడ్డాయంటారు. ఆ రోజు నుంచి ఆయన పేరు పిట్టకాళ్ల సారు.

కాలనీ కమిటీ ప్రెసిడెంటు జంగయ్య బిడ్డ పెళ్లిలో ఇంకా ఘోరం జరిగింది. పెళ్లికూతురు, పెళ్లికొడుకు కూర్చున్న చోట వెనకాల గుడ్డ మీద రెండు పెద్ద హంసలు వేయించారు. తలంబ్రాలు మొదలయ్యాయి, బాజాలు మోగుతున్నాయి, ఆడవాళ్లు ముందుకు తోసుకొస్తున్నారు. అప్పుడు లేచాడు సాంబమూర్తి సారు.

"అన్యాయం అండీ! హంసకి కాకి కాళ్లేంటండీ? వేళ్ల మధ్య తోలేదండీ? ఈతెలా కొడుతుందండీ?"

"సారూ, జర కూసోండ్రి, అది పెండ్లి, చెరువు కాదు," అన్నాడు జంగయ్య పళ్లు కొరుకుతూ.

"రెండే నిమిషాలండీ," అని సారు వేదిక ఎక్కేశాడు. రెండు హంసలు, నాలుగు కాళ్లు, పన్నెండు నిమిషాలు పట్టింది. ఫొటోగ్రాఫరు పాపం ఆగలేడు గదా. ఆల్బంలో ఇప్పటికీ తలంబ్రాల ఫొటోలన్నిటిలోనూ పెళ్లికూతురికీ పెళ్లికొడుక్కీ నడుమ సాంబమూర్తి సారు వీపు, చంకలో గొడుగు కనబడతాయి. వియ్యంకులు ఆయన్ను ఎవరో దగ్గరి చుట్టమనుకుని బట్టలు కూడా పెట్టారు. జంగయ్య ఆ సంగతి మరిచిపోలేదు.

ఇంత కోపిష్టికీ ముద్దుగా చూసుకునేది ఒకటి ఉండేది. కాలనీ చివర తుంగకుంట ఒడ్డున పాతకాలపు మోటారు కొట్టం ఉండేది. రేకుల కప్పు, రెండు కిటికీలు. కమిటీని బతిమాలి అది తీసుకుని, 'ప్రకృతి పరిచయ కేంద్రం' అని బోర్డు రాసి తగిలించాడు. లోపల ఒక దుర్భిణి, నాలుగు గాజు సీసాల్లో ఈకలు, ఒక కందిరీగల గూడు, గోడల నిండా ఆయన వేసిన పిట్టల బొమ్మలు. కార్తీకంలో ఎక్కడెక్కడి నుంచో బాతులు కుంటలో దిగేవి. బడిపిల్లల్ని వరస కట్టించి చూపించేవాడు. చెప్పులు బయటే విడవాలి, నేల మీద మట్టి పడకూడదు, మాట వినపడకూడదు. శివరాత్రికి బాతులు పోయేవి, ఎండలు ముదిరేదాకా నడిపి సారు తాళం వేసేవాడు. వానాకాలం అటు తొక్కేవాడు కాదు. నల్లరేగడి బురదంటే ఆయనకు పరమ అసహ్యం.

ఇక మణెమ్మ సంగతి. కాలనీ ఉన్న నేల ఒకప్పుడు వాళ్ల పొలమే. చిన్నపిల్లగా ఉన్నప్పుడు తుంగకుంట కింద నాట్లు వేసిన మనిషి. పొలమంతా ప్లాట్లుగా పోయాక మిగిలిన ఒక్క ప్లాటులో ఇల్లు కట్టుకున్నారు. కోడలు అండాలమ్మ నీళ్లు చల్లాలి, అత్త ముగ్గు వేయాలి. ఇరవై రెండేళ్లుగా అదే పద్ధతి. అండాలమ్మకు నోరు తక్కువ. ఇద్దరికీ కావలసినంత నోరు మణెమ్మకుంది. ఆమె చిలకలు, నెమళ్లు వేసేది కాదు. పేరు తెలియని ఒక పిట్టను వేసేది. కాళ్ల వేళ్లు పిట్టంత పొడుగు. తోక కొడవలి లెక్క వంగి, వాకిలి చివరిదాకా వచ్చేది.

మొదటిసారి చూసినప్పుడు సారు 'అన్యాయం' అనబోయి ఆగిపోయాడు. మోకాళ్ల మీద కూచుని వేళ్లు లెక్కపెట్టాడు. మొహం వెలిగింది.

"అమ్మా, ఇది తామరాకుల మీద నడిచే పిట్ట కదండీ! చలికాలంలో మన కుంటలో చూశాను. మూడు వేళ్లు ముందు, ఒకటి వెనక, కొలిచినట్టున్నాయి. ఈ కాలనీలో పిట్ట కాలు తెలిసిన మనిషి మీరొక్కరేనండీ." అంతలో తోక మీద చూపు పడింది. మొహం ఎర్రబడింది. "అన్యాయం అండీ! వేళ్లు ఇంత చక్కగా వేసి తోకేంటండీ అలా పెట్టారు? దానికి తోకే లేదండీ! పొట్టిది!"

"ఉన్నది," అంది మణెమ్మ.

"లేదండీ. దుర్భిణితో చూశాను."

"నేను కండ్లతోని సూసిన. వానల కుంటకు రా, సూపిస్త."

"వానల్లో పిట్టల్ని చూడ్డమేంటండీ? పిట్టల కాలం కార్తీకం నించి శివరాత్రి."

"ఏంది సారూ, పిట్టలు నీ లెక్క సర్కారు నౌకరీ చేస్తయా, తారీఖు సూసుకొని ఒచ్చి తారీఖుకు పోనీకి?"

అంతే. సారు సుద్దముక్కతో తోక మీద అడ్డంగా ఒక గీత కొట్టాడు. మణెమ్మ మళ్లీ ముగ్గు పోసింది. మర్నాడు మళ్లీ అదే పిట్ట, అదే తోక, అదే గీత. నాలుగేళ్లు! ట్యాంకరు కోసం బిందెలతో నిలబడ్డ ఆడవాళ్లంతా రోజూ ఆ తమాషా చూసేవాళ్లు. మణెమ్మ పిట్టకు తోక లేదట, సారు చెప్పాడట అని కాలనీ అంతా చెప్పుకున్నారు. పిల్లలు కూడా మణెమ్మను చూసి 'తోకవ్వ' అనేవాళ్లు. మణెమ్మ నవ్వేది. అండాలమ్మకు మాత్రం ఒళ్లు మండేది. మా అత్త వేసిన పిట్టతో ఈయనకేం పని? ఊరు కాని ఊరు నుంచి వచ్చి, మా కుంటలో పిట్టలకు తోకలున్నాయో లేదో మాకే చెప్తాడా? కడుపులో అనుకునేది, పైకి అనేది కాదు.

పోయిన దసరా వెళ్లిన వారానికి మణెమ్మ పోయింది. రెండు రోజుల జ్వరం, అంతే. మూడో రోజు ఇంటి నిండా జనం. సాంబమూర్తి సారు వచ్చాడు. గడప దగ్గర గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత గొంతు సవరించుకుని అన్నాడు:

"తోక సంగతి తేలకుండానే వెళ్లిపోయారండీ."

ఏడుస్తున్న వాళ్లు ఏడుపు ఆపి చూశారు. అండాలమ్మ పెనిమిటి సాయిలు హయత్‌నగర్ డిపోలో మెకానిక్కు, ఎవర్నీ ఒక మాట అనేవాడు కాదు. ఆయనే లేచి, సారు భుజం పట్టుకుని మెల్లగా గేటు దాకా తీసుకుపోయి విడిచి వచ్చాడు. అండాలమ్మ ఆ రోజే ఒట్టు పెట్టుకుంది. ఈ మనిషితో జన్మలో మాట్లాడొద్దు. పీనుగ వెళ్లిన ఇంట్లో పిట్ట తోక మాటలా! మనిషేనా?

పైగా ఆయన రావడం మానలేదు. రోజూ ఆరింటికి గేటు ముందు ఆగి, ముగ్గు లేని నేలను అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు చూసి, గొంతు సవరించుకుని పోయేవాడు. ఖాళీ నేల మీద కూడా తప్పులు వెతుకుతున్నాడా అని అండాలమ్మ పళ్లు నూరేది.

ఎండాకాలం చివర జంగయ్య తన పని తాను మొదలుపెట్టాడు. మోటారు కొట్టం కమిటీ ఆఫీసుకు కావాలన్నాడు. మీటింగులో సారు 'అన్యాయం' అని పదకొండుసార్లు అన్నాక జంగయ్య ఒక మాట మీదికి వచ్చాడు.

"సరే సారూ. నీ పిట్టల దుకాణం కాలనీకి పనికొస్తదని నువ్వంటవు. శివరాత్రి లోపల ఎప్పుడన్న ఒక్క దినం పండగ లెక్క పెట్టు. కాలనీ మనుషులు నూరు మంది వచ్చి సూస్తే కొట్టం నీదే. రాకుంటే తెల్లారి నేనే వచ్చి తాళమేస్త. పరేషాన్ చేయకుండ బోర్డు పీక్కొని పోవాలె."

కార్తీకంలో పెడితే నూరేమిటి, రెండు నూర్లు వస్తారు. కుంట నిండా బాతులు, బడిపిల్లలు, వాళ్ల వెంట తల్లిదండ్రులు. చిన్నపిల్లవాడికి కూడా తెలిసే లెక్క. సాంబమూర్తి సారు ఏం చేశాడు? శ్రావణంలో, ముసురు పట్టిన ఆదివారం నాడు పెడుతున్నానని ప్రకటించాడు! కుంటలో బాతన్నది లేదు. తొవ్వలో మోకాలి లోతు బురద. జంగయ్య ఎంత నవ్వాడంటే తాంబూలం చొక్కా మీద పడింది.

శనివారం సారు ఇల్లిల్లూ తిరిగి పిలిచాడు. ఒక్క తలుపూ సరిగ్గా తెరుచుకోలేదు. "నా చిల్క ముక్కు చెరిపినోనింటికి నేనొస్తనా?" అంది పెంటమ్మ కిటికీలోంచే. చివరికి అండాలమ్మ గేటు దగ్గరకు వచ్చాడు.

"తప్పక రావాలండీ."

అండాలమ్మ ఒట్టు తీసి గట్టున పెట్టింది. "ఎందుకు రావాలె సారూ? మా అత్త తప్పులన్ని గోడలకు కొట్టి పెట్టినవా?"

సారు తల వంచుకున్నాడు. "తప్పు పెట్టిన మాట నిజమేనండీ," అన్నాడు. గొడుగు విప్పుకుని వెళ్లిపోయాడు.

అండాలమ్మ ఆ రోజంతా అదే తలచుకుంది. చచ్చిపోయిన మనిషి తప్పు పటం కట్టి ఊరందరికీ చూపిస్తాడా? ఆదివారం తెల్లారీ తెల్లారకముందే చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని బురదలో నడిచింది. ఆ కాగితం చింపి, కుంటలో పారేసి వద్దామని.

కొట్టంలో సారు ఒక్కడే ఉన్నాడు. సంతకాల పుస్తకం తెరిచి, పెన్ను పక్కన పెట్టుకుని, తలుపు వైపు చూస్తూ కూర్చున్నాడు. అండాలమ్మ ఆయన మొహం చూడకుండా నేరుగా గోడ దగ్గరకు పోయింది. పెద్ద కాగితం, పైన పెద్దక్షరాలతో 'తప్పు' అని ఉంది. కింద అత్త పిట్ట. అదే కాలు, అదే తోక. ఆమె కాగితం మూల పట్టుకుంది.

"చింపండి, పరవాలేదు," అన్నాడు సారు. "కానీ చదివి చింపండి."

మూడో తరగతితో బడి మానేసిన అండాలమ్మ ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. 'ఈ పిట్టకు తోక లేదని నాలుగేళ్లు అందరి ముందూ వాదించాను. ఉంది. వానల్లో వస్తుంది, చలికి ఊడిపోతుంది. తప్పు మణెమ్మగారిది కాదు, నాది. సాంబమూర్తి, డ్రాయింగు మాస్టరు.'

"ఆవిడ వానల్లో రమ్మన్నారు కదండీ," అన్నాడు సారు. "కర్మలు అయిన మర్నాటి నించీ ఈ బురదలో తిరిగాను. పదిహేను రోజులు. తోక కనపడలేదు. అప్పటికే ఊడిపోయింది. మళ్లీ వానలొచ్చేదాకా ఆగాను. ఆషాఢంలో చూశానండీ."

దుర్భిణి ఆమె చేతిలో పెట్టి కిటికీ వైపు తిప్పాడు. కుంటలో తామరాకుల మీద, మెడ వెనక పసుపు పూసుకున్నట్టున్న పిట్ట ఒకటి ఇంతింత వేళ్లతో మెల్లగా నడుస్తోంది. వెనక కొడవలి లాంటి నల్లటి తోక. మా అత్త వాకిట్లో నుంచి లేచి పోయినట్టే ఉంది అనుకుంది అండాలమ్మ.

"మరి కార్తీకంల పెట్టకపోయినవా సారూ? నూరు మంది వస్తుండిరి. కొట్టం దక్కుతుండె."

"నాకు నూరు మంది వస్తారండీ. ఆవిడ పిట్టకి తోక పోతుంది," అన్నాడు సారు. "లేదని ఇంతమందిలో అన్నవాణ్ణి, ఉందని ఇంతమందికీ చూపించొద్దా? అన్యాయం కాదండీ?"

అప్పుడు చూసింది అండాలమ్మ మిగతా గోడల్ని. సారు పాత పిట్టల బొమ్మలు ఒక్కటీ లేవు. కాలనీ ముగ్గులున్నాయి. నాలుగేళ్ల ముగ్గులు. సాయంత్రానికి స్కూటర్లు తొక్కి పోయే పిట్టలన్నిటినీ రోజూ కాగితం మీదికి ఎత్తుకున్నాడు. కింద ముత్యాల్లాంటి అక్షరాలతో వేసినామె పేరు. పెంటమ్మ చిలక కూడా ఉంది. ముందు మూడు వేళ్లతోనే ఉంది.

"గిది దిద్దలేదేం?"

"అది వాళ్ల చిలకండీ. నేల మీదైతే దిద్దుతాను. గోడ మీద దిద్దడానికి నేనెవర్ని?"

అండాలమ్మ కుచ్చిళ్లు మళ్లీ ఎత్తి దోపుకుంది. బయటికి నడిచింది. గల్లీ నడిమిట్లో, వానలో నిలబడి, ఇరవై మూడేళ్లలో ఎన్నడూ ఎత్తని గొంతు ఎత్తింది.

"పెంటమ్మా! ఓ పెంటమ్మా! మా అత్త పిట్టకు తోకున్నది! సారు తప్పయిందని గోడ మీద రాసుకున్నడు! నాలుగేండ్లు నవ్విండ్రు గద, ఇప్పుడొచ్చి సూడుండ్రి! తోకవ్వ అన్న పోరగాండ్లందర్ని తోలుకొని రాండ్రి!"

కిటికీలోంచి పెంటమ్మ తల బయటికి వచ్చింది. "ఏందక్కా? తప్పు తనదేనని ఆయనే రాసుకున్నడా? సంతకం పెట్టి?"

"పెట్టిండు."

"ఆగు, ఒస్తున్న. గా ముచ్చట సూడకుంటే ఎట్ల!"

పిట్టను చూడటానికి ఎవరూ రాలేదని ఒప్పుకోవాలి. పిట్టకాళ్ల సారు తప్పు ఒప్పుకున్నాడట, ఆ వింత చూడటానికి వచ్చారు. గోనెసంచులు నెత్తిన కప్పుకుని, పిల్లల్ని చంకనేసుకుని, గుంపులు గుంపులుగా వచ్చారు. ఒక్కో గుంపు రాగానే "సారూ, జర సదువు," అనేవాళ్లు. ఆయన నిలబడి, "తప్పు మణెమ్మగారిది కాదు, నాది" అని చదివేవాడు. "గట్టిగ సారూ, ఎనకున్నోళ్లకు ఇనపడలే," అనేది పెంటమ్మ ప్రతిసారీ. పద్నాలుగుసార్లు చదివించారు. తర్వాత ఎవరి పేరు వాళ్లు గోడల మీద వెతుక్కున్నారు, అప్పటికి గొంతులు తగ్గాయి. పెంటమ్మ తన చిలక ముందు చాలాసేపు నిలబడి, "నా చిల్క మంచిగనే ఉన్నది గని సారూ," అంది, "గా ఏలు జర ఎన్కకు జరుపుతే ఇంకింత మంచిగుంటది." సారు కళ్లు తుడుచుకున్నాడు.

సాయంత్రానికి కొట్టం ఖాళీ అయింది. నూరు దాటి ఎంతమంది వచ్చారో ఎవరికీ తెలియదు. పుస్తకంలో ఉంది కదా అని సారు బల్ల దగ్గరకు పోయి చూసి కూలబడ్డాడు. రేకుల సందు నుంచి కారిన వాన ఎప్పట్నుంచో పుస్తకం మీదే పడుతోంది. సంతకాలన్నీ కలిసి ఒక నీలం మడుగు అయిపోయాయి.

"అన్యాయం అండీ," అన్నాడు. మొదటిసారి ఆ మాట మెల్లగా అన్నాడు. "రేపు పొద్దున జంగయ్య తాళం తెస్తాడు. నూరు మంది వచ్చారంటే నమ్ముతాడా? సరే, పోయేటప్పుడైనా శుభ్రంగా అప్పజెప్పాలి." మూలనున్న చీపురు అందుకుని వంగాడు.

అండాలమ్మ చీపురు లాక్కుంది.

"ఏం చేస్తున్నవు సారూ? కండ్లు తెరిచి సూడు!"

సారు చూశాడు. చెప్పులు బయటే విడవాలని నియమం పెట్టింది తనే. చెప్పులు విడిచారు గానీ బురదను విడవలేదు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, గడప నుంచి కిటికీ దాకా, నల్లరేగడి పాదాలు. ముసలివాళ్ల వెడల్పు పాదాలు, పసిపిల్లల ఇంతింత పాదాలు, మెట్టెల గుర్తులున్న పాదాలు. కిటికీ దగ్గరైతే ఒకదాని మీద ఒకటి పడి నేలే కనపడటం లేదు.

"పొద్దున రానీ జంగయ్యను," అంది అండాలమ్మ. "కూసోబెట్టి లెక్కపెట్టిస్త. ఊడ్చేది లేదు, తుడిచేది లేదు."

సారు మోకాళ్ల మీదికి దిగాడు. అలవాటు కొద్దీ గొడుగు మొనతో ముందు వేళ్లే లెక్కపెట్టాడు. ఒక పాదం, ఇంకో పాదం, దాని పక్కది. అలా గోడ దాకా పాక్కుంటూ పోయి, అక్కడి నుంచి వెనక్కి తిరిగి చూశాడు.

"అండాలమ్మగారూ, ఒక్క కాలికీ వేలు తప్పు లేదండీ!"

"ఇగ దిద్దనీకి ఏం లేదు గద. ఇంటికి పో సారూ, సలిపెడ్తది," అంది అండాలమ్మ. ఆయన మనసు మళ్లీ ఎక్కడ మారుతుందోనని చీపురు తన చంకలో ఇరికించుకుంది. గడప దగ్గర మిగిలిన కాస్త జాగాలో తన పాదం కూడా గట్టిగా ఒకటి వేసి, వానలోకి దిగింది.